నాలుగు కొట్టని ఆదివారం

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా పల్లెకి కాలేజీ కుర్రాళ్ళు వచ్చేవారు. మాది బాపట్ల దగ్గర, సూర్యలంక పక్కనున్న చేపలవాళ్ళ పల్లె. వాళ్ళు పొద్దున్నే బాపట్ల నుంచి ఒక్కో సైకిలు మీద ఇద్దరేసి బయల్దేరి, చివర ఇసుకలో సైకిళ్ళు తోసుకుంటూ వచ్చేవారు. తడి ఇసుక మీద గీత గీసి కబడ్డీ ఆడేవారు. ఒకాయన మౌతార్గాన్ వాయించేవాడు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ దేని గురించో గట్టిగట్టిగా వాదించుకునేవారు. అలా వాదించుకున్నవాళ్ళే కాసేపటికి సరుగుడు తోపులో ఒకే తువ్వాలు మీద తలలు పెట్టుకుని నిద్రపోయేవారు.

మాకు సముద్రమంటే పని. మా నాన్న పడవెక్కి వెళ్ళేవాడు, మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని బాపట్ల వెళ్ళేది. ఊరికే కూర్చుని సముద్రాన్ని చూడ్డానికి అంత దూరం నుంచి ఎందుకొస్తారో మా నాయనమ్మకి ఎప్పటికీ అర్థం కాలేదు. "ఏంటో, ఈళ్ళకి ఇక్కడ దొరికేది?" అనేది. వాళ్ళకేదో దొరుకుతోందని మాత్రం నాకు అనిపించేది. దగ్గరికెళ్ళి అదేంటో చూడాలని ఉండేది. మగపిల్లల దగ్గరికి నాయనమ్మ వెళ్ళనిచ్చేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చలి ఇంకా పోని ఒక ఆదివారం, మూడు జట్కాల్లో ఆడపిల్లలు దిగారు. పన్నెండు మంది, వాళ్ళతో ఒక లెక్చరరమ్మ. తెనాలిలో ఏదో కాలేజీ హాస్టలు వాళ్ళట. రైల్లో బాపట్ల వచ్చి, అక్కణ్ణుంచి జట్కాలు మాట్లాడుకున్నారు. మా పల్లెలో ఆడవాళ్ళందరూ పనులాపి బయటికొచ్చి చూశారు. ఈసారి నాయనమ్మ నన్ను ఆపలేదు. తనే చెలమలో తోడిన మంచినీళ్ళ బిందె చంకనెత్తుకుని నాకంటే ముందు నడిచింది.

వాళ్ళ ఆటలు మగపిల్లల ఆటల్లా లేవు. రబ్బరు రింగు విసురుకుంటూ కొంగులు బిగించుకుని పరుగెత్తారు. గుండ్రంగా కూర్చుని చీటీలు తీశారు. ఒక అమ్మాయికి లెక్చరరమ్మలా పాఠం చెప్పమని వచ్చింది. కళ్ళజోడు సవరించుకున్నట్టు ముక్కు పట్టుకుని ఆ పిల్ల మొదలుపెట్టగానే, అందరికంటే ముందు లెక్చరరమ్మే పడీపడీ నవ్వింది. పులిహోర తింటూ హాస్టలు సంగతులు చెప్పుకున్నారు. ఉత్తరాలు వార్డెన్ చదివాకే ఇస్తుందట. నెలకొక్క సినిమా అట. ఈ ఒక్క రోజు బయటికి రావడానికి మూడు నెలలు బతిమాలారట. సాయంత్రం ఏడింటికి గేటు వేసేస్తారు, అయిదున్నర రైలు తప్పకూడదు.

వాళ్ళలో పొడుగు జడ అక్క ఒకామె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆకులో పులిహోర పెట్టింది. నా పేరడిగి, పేరు బాగుందంది. అంతకు ముందు నా పేరు బాగుందని ఎవరూ అనలేదు.

ఆమెకి నీళ్ళలో దిగాలని ఉంది, కానీ భయం. నాయనమ్మ నవ్వి, "రామ్మా, నా చెయ్యట్టుకో. అలకి ఎదురు నిలబడమాకు, పక్కకి తిరుగు" అంది. అప్పుడా అక్క చేతి వాచీ విప్పింది. అంతమందిలో వాచీ ఉన్నది ఆమెకే. లెక్చరరమ్మ తన వాచీని బాగుకి ఇచ్చిందట.

"దీన్ని నువ్వు చూస్తావా?" అంది నాతో.

"నాకు చూడ్డం రాదక్కా."

"బడికెళ్ళవా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె ఇసుకలో పెద్ద గుండ్రం గీసింది. చుట్టూ పన్నెండు గవ్వలు పెట్టింది. ఒక పొట్టి పుల్ల, ఒక పొడుగు పుల్ల తెచ్చి, అవి ఎలా తిరుగుతాయో చూపించింది. ఒకటికి రెండుసార్లు నా చేత తిప్పించింది. నాకు వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

"చిన్న ముల్లు నాలుగు మీదికి, పెద్ద ముల్లు పైకి రాగానే నన్ను కేకెయ్యి. అప్పుడు బయల్దేరాలి. సరేనా?" అంటూ వాచీని నా మోచేతి పైదాకా ఎక్కించి పట్టీ బిగించింది. అంత విలువైన వస్తువు నా ఒంటిమీద అదే మొదటిసారి.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. నీళ్ళల్లో అందరూ చేతులు పట్టుకుని వరసగా నిలబడి, అల వచ్చినప్పుడల్లా ఒకేసారి అరుస్తున్నారు. పొడుగు జడ అక్క నాయనమ్మ చెయ్యి వదిలేసి ఒక్కతే నిలబడింది. ఆ సంతోషం చూసి ఉండబట్టలేక నేనూ పరిగెత్తాను. పెద్ద అల ఒకటి నన్ను మెడదాకా ముంచింది.

ఒడ్డుకొచ్చి చూసుకుంటే మూడు దాటి పది నిమిషాలు. కాసేపాగి చూశాను. అంతే. చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు.

పరిగెత్తుకెళ్ళి చెప్పాలనుకున్నాను. కానీ వెళ్ళలేదు. కొట్టరని తెలుసు. నన్ను నమ్మి ఇచ్చింది కదా, ఆ మొహం ఎలా మారిపోతుందో చూడలేననిపించింది. ఇంకో సంగతీ ఉంది, దాన్ని దాచుకోవడం ఎందుకు? నాలుగు కొట్టకపోతే వాళ్ళు వెళ్ళరు. వాళ్ళు వెళ్ళకూడదని నాకు ఉంది.

మధ్యలో ఒకసారి ఆ అక్క నీళ్ళలోంచే, "ఇంకా కాలేదా?" అని అరిచింది.

"లేదక్కా" అన్నాను.

పొద్దు సరుగుడు తోపు వెనక్కి వాలింది. గుర్రాలకి గడ్డేసి నిద్రపోయిన జట్కావాళ్ళలో తాత ఒకాయన లేచి పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇంకా ఇక్కడే ఉన్నారు? రైలు ఎల్లిపోద్ది!" అన్నాడు. ఒక్కసారిగా అందరూ గోలగోలగా ఒడ్డెక్కారు. తడి బట్టలు, చెప్పులు, క్యారియర్లు దొరికినవి దొరికినట్టు జట్కాల్లో పడేశారు. లెక్చరరమ్మ మొహం పాలిపోయింది. "టైము చూసే పని నీదే కదా? ఏం చేస్తున్నావు?" అని పొడుగు జడ అక్కని అందరి ముందూ నిలదీసింది.

నేను వీపు వెనక దాచుకున్న చేతిమీది వాచీని అక్క చూసింది. తర్వాత నా మొహం చూసింది. అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"నాదే తప్పండి. వాచీతోటే నీళ్ళలో దిగాను. ఆగిపోయినట్టుంది, చూసుకోలేదండి" అంది.

"ఇంక మిమ్మల్ని ఎక్కడికైనా పంపినట్టే!" అంది లెక్చరరమ్మ. తక్కినవాళ్ళు అక్క వైపు చూడకుండానే జట్కాలెక్కారు.

జట్కా ఎక్కబోతూ అక్క వెనక్కొచ్చింది. నన్ను పడవ చాటుకి తీసుకెళ్ళి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని వాచీ విప్పుకుంది. "వాచీ పోతే పోయింది. నీళ్ళన్నాక తడుస్తుంది. కానీ లేదక్కా అన్నావు చూడు, అది తప్పు. భయమేసినప్పుడే చెప్పెయ్యాలి. ఆగేకొద్దీ పెద్దదవుతుంది. తెలిసిందా?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె తన తడి కొంగుతోనే నా మొహం తుడిచింది. తుడిచేటప్పుడు ఆమె నవ్విందని నాకు గుర్తు. నిజంగా నవ్విందో, నవ్వితే బాగుండునని తర్వాత నేనే కల్పించుకున్నానో చెప్పలేను.

నాలుగు రోజుల తర్వాత జట్కా తాత మళ్ళీ ఎవరినో దించడానికొచ్చి సంగతంతా చెప్పాడు. రైలు తప్పిపోయింది. తర్వాతి ప్యాసింజరు దాకా స్టేషన్లోనే కూర్చున్నారు. ఏడాది పొడుగునా ఎవరూ గేటు దాటేది లేదని లెక్చరరమ్మ అక్కడే చెప్పేసిందట. "ఆ జడమ్మాయి మాత్రం నీకో మాట చెప్పమంది ముసలమ్మా" అన్నాడు మా నాయనమ్మతో. "నీ మనవరాలికి గడియారం చూడ్డం ఒక్కపూటలో వచ్చేసిందంట. బడికి పంపమంది."

నాయనమ్మ ఆ రాత్రి మా నాన్నతో ఏం మాట్లాడిందో తెలియదు. ఆ వేసవి దాటాక నేను బడికెళ్ళాను.

మళ్ళీ ఆడపిల్లల జట్కాలు రాలేదు. ఎన్ని ఆదివారాలు దారి వైపు చూశానో! పంతొమ్మిది వందల డెబ్బైల్లో నేనూ తెనాలిలో కాలేజీలో చేరాను. హాస్టల్లోనే ఉన్నాను. రింగు ఆడాను, చీటీల ఆట ఆడాను, ఆదివారం బయటికి పంపమని వార్డెన్ని బతిమాలాను. హాలు గోడకి పాత గ్రూపు ఫోటోలుండేవి. వాటి ముందు ఎన్ని సాయంత్రాలు నిలబడ్డానో లెక్కలేదు. అందరివీ పొడుగు జడలే. అందరూ కెమెరా వైపు బిగుసుకుపోయి చూస్తున్నారు. గాలికి జుట్టు చెదిరి, తడి బట్టల్లో అల వైపు తిరిగి అరుస్తున్న ఆమె ఆ ఫోటోల్లో ఎక్కడా దొరకలేదు. పేరడిగి ఉంటే బాగుండేది. ఆమె నా పేరడిగింది గాని, నేను ఆమె పేరడగలేదు.

తర్వాత చాలా ఏళ్ళు రేపల్లెలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా పనిచేశాను. ఆదివారాలు పిల్లల్ని బయటికి పంపడానికి ఎప్పుడూ వెనకాడలేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లని గేటు దగ్గర, నలుగురి ముందు, ఒక్క మాట అనలేదు. లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి అనేదాన్ని. గట్టిగానే అనేదాన్ని.

ఆనాడు ఆమెతో వచ్చిన ఆ పదకొండు మంది ఇప్పుడు ఎక్కడున్నారో! ఎనభై ఏళ్ళకి దగ్గరపడి ఉంటారు. మాలో ఒకతి టైము చూసుకోక మా అందరికీ రైలు తప్పించిందని, ఏడాదంతా గేటు దాటనివ్వలేదని, ఏ వరండాలోనో కూర్చుని మనవరాళ్ళకి చెబుతూ ఉండొచ్చు. వాళ్ళు నవ్వుతూ చెప్పినా నాకు మనసు ఒప్పదు. అది ఆమె కాదండీ. నేను. భయమేసినప్పుడే చెప్పెయ్యమని ఆమె చెప్పే వెళ్ళింది. చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.