తలకిందుల చీటీలు

మనవరాలి పుస్తకాలకు అట్టలు వేయడానికి నిన్న మైదా జిగురు ఉడికించాను. ఆ వాసన నాకు ఇప్పటికీ పడదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. వచ్చాక కూడా ఈ సంగతి రాయబోతే చెయ్యి ఆగిపోయేది, అబద్ధం నాది కాబట్టి.

ఎనభైల మొదట్లో గల్ఫ్‌లోని అల్ ఐన్ ఊళ్లో మరియా మేడమ్ ఇంట్లో పనికి కుదిరాను. వాళ్లది అప్పటి యుగోస్లావియా. స్లోవేనియా వైపు బర్డా అనే కొండలు, ఎటు చూసినా ద్రాక్షతోటలేనట. ఆవిడ ఆఫీసుకు వెళితే రెండేళ్ల పాపకు మధ్యాహ్నం మూర్ఛమందు వేయాల్సింది నేనే. చదువు వచ్చా అని ఆవిడ అడిగిన రోజు, "ఐదో తరగతి మేడమ్, ఇంగ్లీషు కూడా" అన్నాడు నన్ను పనికి తెచ్చిన ఏజెంటు. నేను తల ఊపాను. ఎర్రమూత సీసా మూర్ఛకు, తెల్లమూతది జలుబుకు. అలా గుర్తుపెట్టుకుని ఆరు నెలలు నెట్టుకొచ్చాను. చెంచా పాప నోటి దగ్గర పెట్టేముందు ప్రతిసారీ మూత ఇంకోసారి చూసుకునేదాన్ని.

వంటింటి అలమరలో రెండు వైన్ సీసాలుండేవి. తెల్ల వైన్ అనేవారు గానీ తేనెరంగులో ఉండేది. మేడమ్ నాన్నగారు ఓక్ చెక్క పీపాలో నిలవ ఉంచి చేసింది. ఒకటి ఆవిడ పెళ్లి ఏడాదిది, ఇంకొకటి పాప పుట్టిన ఏడాదిది. చీటీలు ఆయనే చేత్తో రాశారు. ఒక రోజు ఏసీ నీళ్లు కారి సీసాలు తడిశాయి. తుడుస్తుంటే రెండు చీటీలూ గుడ్డకు అంటుకుని వచ్చేశాయి.

వంటమనిషి మస్తాన్ భాయ్‌ది నెల్లూరు. గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏమ్మే లక్ష్మీ, ఎంత పని చేసినావు. ఆ పెద్దాయన పోయి నెల కూడా కాలా. మళ్లీ రాసిచ్చేదానికి ఎవరుండారు?"

"ఏం చేసేది భాయ్?"

"జిగురు పెట్టి అతికించెయ్, ఖలాస్."

"ఏది దేనికి?"

"నన్నడగబాక. నేను దాన్ని ముట్టను. బిర్యానీ అయితే వాసన చూసి చెప్తా."

మైదా ఉడికించి, తోచినట్టు అతికించాను. సాయంత్రం దాకా గేటు చప్పుడైనప్పుడల్లా కిటికీలోంచి తొంగి చూశాను.

మేడమ్ వచ్చి అలమర తెరిచారు. ఒక సీసా తీసి మెల్లగా తలకిందులు చేశారు. అప్పుడు గాని చీటీ చదవడం కుదరలేదు ఆవిడకు. రెండోదీ అంతే. ఆవిడ చూపు సీసా మీద నుంచి పాప మీదికి వెళ్లింది.

"లక్ష్మీ, నీకు చదవడం రాదు." తనకొచ్చిన కొద్దిపాటి హిందీలోనే అన్నారు. "మరి మందు?"

"మూత రంగు చూసి మేడమ్."

ఆవిడ వంటింటి నేల మీదే కూర్చుండిపోయారు. "మూతలు మారితే?"

"రోజూ అదే భయం మేడమ్."

"నన్నెందుకు అడగలేదు?"

"పంపించేస్తారని."

కాసేపటికి లేచి రెండు సీసాలనూ కిటికీ వెలుగులో పట్టుకున్నారు. "రంగు ముదిరినది నా పెళ్లి ఏడాదిది. వైన్ చూస్తే నాకు తెలుస్తుంది. మందు అలా చూస్తే తెలియదు." వాటిని లోపల పెట్టేశారు. "తెలియదంటే ఈ ఇంట్లోంచి ఎవరినీ పంపను. తెలుసని అబద్ధం చెబితే పంపుతాను. నీ సంగతి రేపు మాట్లాడదాం."

ఆ తర్వాత ఎన్ని ఇళ్లలో పనిచేసినా, రానిది రాదని మొదటి రోజే చెప్పేదాన్ని. నాకు అక్షరాలు నేర్పింది మేడమ్ కాదు. కానీ ముసలితనంలో, పిల్లల పక్కన పలక పట్టుకుని కూర్చోవడానికి సిగ్గుపడలేదంటే అది ఆవిడ పుణ్యమే.

మేడమ్ ఆ మాట అన్న రాత్రి నాకు నిద్రలేదు. తెల్లారాక ఆవిడ ఆఫీసుకు బయల్దేరేలోపే ఇంట్లో ఉన్న మందు సీసాలు, ఫినాయిల్, వెనిగర్, అన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద వరసగా పెట్టాను. పాపను చంకనేసుకుని, "ఇవేమిటో నాకు తెలియదు మేడమ్. ఒక్కొక్కటీ చెప్పండి" అన్నాను.

మేడమ్ గడియారం చూసుకున్నారు. చేతిసంచీ కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.