చిల్లు లేని పేగు

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా నాయనమ్మంత శుభ్రంగా బోటి కడిగేవాళ్లు లేరని పేరు. మేకపేగును తిరగేసి, పసుపు రుద్ది, ఏడుసార్లు నీళ్లు మార్చేది. చివర ఊది చూసేది, ఎక్కడైనా గాలి పోతోందా అని. ఆ పని నాకూ నేర్పింది.

ఒక ఎండాకాలం ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయి గానీ మూత్రం ఆగిపోయింది. దవాఖానలో మా గల్లీ డాక్టర్ సాబే చూశారు. కిడ్నీలు మళ్లీ పనిచేసేదాకా రక్తంలోని మలినాన్ని ఎట్లాగైనా తీయాలి, లేకపోతే బతకదని నాన్నతో చెప్పారు. రక్తం కడిగే మిషన్ అప్పుడు అక్కడ లేదు. ముక్కులోంచి పేగుల్లోకి గొట్టం వేసి, మందునీళ్లు పారించి, కిందినుంచి తీసేస్తామన్నారు.

నాయనమ్మ ససేమిరా అంది. "మూత్రం బందయితే పేగులు కడుగుడేంది సాబ్? తలనొప్పికి కాలుకు కట్టు కడ్తవా?"

ఆయన వాదించలేదు. నన్ను పిలిచి, నారాయణగూడ మార్కెట్‌లో బోటి కొని, నాయనమ్మ నేర్పినట్టే కడిగి తెమ్మన్నారు. తెచ్చాను. నాయనమ్మ పడుకునే ఊది చూసి, "నా మనుమరాలు కడిగింది. చిల్లుంటదా?" అంది.

సాబ్ జానెడు ముక్కలో మంచినీళ్లు పోసి, రెండు కొసలూ దారంతో కట్టి, బాగా ఉప్పు కలిపిన నీళ్ల గిన్నెలో వేశారు. "గిన్నెల నీళ్లు నీ రక్తమనుకో అవ్వా. ఉప్పు దాంట్ల మలినం."

గంట దాటాక తీసి, పైన కడిగి తుడిచి, ముడి విప్పి, లోపలి నీళ్లు గ్లాసులోకి వంచారు. నాయనమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పగున్నయ్ బిడ్డా," అంది సాబ్‌తో. "ఇన్నేండ్లు కడిగిన, గిది తెల్వకపాయె. పెట్టు నీ గొట్టం."

రాత్రింబవళ్లు ఆ నీళ్లు పారాయి. తేటగా లోపలికి పోయినవి మూత్రం వాసనతో బయటికొచ్చాయి. తలుపు దగ్గర నిలబడి, రెప్ప వేయకుండా చూశాను. అయిదో రోజు నాయనమ్మకు గ్లాసులో సగమంత మూత్రం వచ్చింది. నాన్న ఆ గ్లాసు పట్టుకుని ఏడ్చారు.

చిన్నప్పుడు బడికి పోని నాకు అరవై దాటాక చదువు చెప్పిన అశోక్‌నగర్ హాస్టల్ అమ్మాయి, నా వంటింటి డబ్బాల మీద పప్పు, ఉప్పు అని రాసి మొదలుపెట్టింది. అప్పుడు సాబే గుర్తొచ్చారు. ఆయన కూడా మా నాయనమ్మ చేతికి తెలిసినదాంతోనే ఆమెకు చెప్పారు.

ఇప్పటికీ బోటి కడిగితే ఊది, వెలుతురుకు పెట్టి చూస్తాను. ఒక్క చిల్లూ కనబడదు. నాయనమ్మను మాకు తిరిగిచ్చిన దారి ఇందులోనే ఎక్కడో ఉందనుకుంటే, కడిగే చేయి కాసేపు ఆగిపోతుంది.