పిగిలిపిట్ట, పక్కింటి పిల్లి

నిన్న మేకులు కొనడానికి తోంగ్‌పాల్ బజారుకు వెళ్ళాను. ఎండలు ముదరక ముందే సొరపాదుకు పందిరి వేయాలి. కొట్టు ముందు పిట్టలు వాలకుండా మొక్కల మీద కప్పే ఆకుపచ్చ నైలాను వలలు చుట్టలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. "జాలీ ఇవ్వనా సర్‌జీ? చిడియా ఒక్క టమాటర్ కూడా ముట్టదు" అన్నాడు కొట్టతను. అక్కర్లేదని వచ్చేశాను. మేకుల సంగతి ఇంటికి చేరాక గాని గుర్తు రాలేదు.

మూడేళ్ళ కిందట అదే కొట్లో అలాంటి వల నేనే అడిగి మరీ కొన్నాను. అప్పటికి ఇనుప గనిలో ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది. ముప్ఫై ఏళ్ళు బచేలీ కొండ మీద యంత్రాలు బాగుచేసినవాణ్ణి, పెరట్లో ఇరవై టమాటా మొక్కల్ని కాపాడుకోలేనా అనుకున్నాను. తెల్లారేసరికి పిగిలిపిట్టలు దిగేవి. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ, చూడ్డానికి పెళ్ళివారిలా ఉండేవి. పండు మొత్తం తిన్నా నాకంత బాధ ఉండేది కాదు. ప్రతి పండుకూ ఒక పోటు పొడిచి పక్కదానికి వెళ్ళేవి. డబ్బాలు కొట్టాను. నా పాత డ్యూటీ చొక్కా తొడిగి దిష్టిబొమ్మను నిలబెడితే, ఒక పిట్ట దాని భుజం మీద కూర్చుని తీరిగ్గా నన్ను చూసింది. మా ఆవిడ వాటి పక్షం. మందార పొదలో గూడు కట్టాయని, రెండు పిల్లలు చేశాయని పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసొచ్చేది. నేను వల తెస్తే, "వద్దండీ, చిక్కుకుంటాయి" అంది. "ఇనుముతో పనిచేసినవాడికి వల కట్టడం రాదా?" అన్నాను.

మూడోరోజు మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుండగా పెరట్లోకి వెళ్తే, వల కింది అంచులో ఒక పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. గింజుకుని గింజుకుని దారం మెడకు బిగుసుకుంది. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. అది దాని వేడో ఎండ వేడో తెలియలేదు. మందారం దగ్గర రెండో పిట్ట ఆగకుండా అరుస్తోంది. కత్తెరతో దారం తెంపి, కరివేప చెట్టు మొదట్లో పాతేశాను. వల ఊడదీసి షెడ్డులో పడేశాను. వల తీసేశారేమని ఆవిడ అడిగితే, "నువ్వు వద్దన్నావుగా" అన్నాను. సంతోషించింది. సాయంత్రం గూటి దగ్గర్నుంచి వచ్చి, "ఒక్కటే మేత తెస్తోందండీ, రెండోది ఏమైంది?" అంది. నేను తల ఎత్తకుండా, "పక్కింటి పిల్లి పట్టుకుపోయింది. చూశాను" అన్నాను.

పక్కింట్లో ఉండేది గొల్లపల్లి వైపు నుంచి వచ్చిన ఒక దొర్ల తెగ ఆవిడ. భర్త పోయాడు. కాస్త పొలం, అడవిలో ఏరుకొచ్చే ఇప్పపువ్వు, చింతపండు, వాటితో బతికేది. నన్ను అన్నా అనీ, మా ఆవిడను వదినా అనీ పిలిచేది. ఆమెకు తోడు ఆ పిల్లే, ఇంట్లో గింజలకు కాపలా కూడా అదే. మా ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి పిల్లి కనపడితే రాయి విసిరేది, గూట్లో పిల్లల్నీ తినేస్తుందని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అప్పుడైనా ఒక్క మాట చెబితే సరిపోయేది. దానికి బదులు పిల్లిని బియ్యం సంచిలో వేసి, స్కూటర్ మీద సుక్మా రోడ్డులో దూరంగా ఒక ధాబా దగ్గర వదిలొచ్చాను. చేపముళ్ళయినా దొరుకుతాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

రెండు రోజులాగి ఆమె కంచె దగ్గరికొచ్చింది. "అన్నా, మా పిల్లి ఏడనన్న కండ్లబడ్డదా?"

"లేదమ్మా" అన్నాను.

ఆమె వెంటనే కదల్లేదు. కాసేపు నా ముఖంలోకి చూసి, "సరే అన్నా" అని వెళ్ళిపోయింది.

తొలకరి ముందు ఒకరోజు ఆమె విత్తనపు వడ్ల బుట్ట వాకిట్లో బోర్లించి కూర్చుంది. ఎలుకలు బుట్ట అడుగు కొరికి పొట్టు మిగిల్చాయి. అది చూశాక ఇంట్లో నిలవలేకపోయాను. వెళ్ళి పిట్ట సంగతీ పిల్లి సంగతీ మొత్తం చెప్పేశాను. ఆమె పొట్టు చేటలోకి ఎత్తుతూనే వింది.

"పిట్టను నువ్వు పాతిపెట్టంగ చూసిన. మా పిల్లి మీద పెట్టినవని వదిన మాటలల్ల ఎరుకైంది."

"మరి ఆ రోజే అడగలేదేం?"

"అడిగిన గద అన్నా. నువ్వే జెప్తవని నిలబడ్డ."

ఆమే మళ్ళీ అంది: "వదినకు జెప్పినవా? నాకు జెప్పి ఏంది? ముందుగాల ఆమెకు జెప్పు."

చెప్పాను. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ పక్కింటావిడను వెంటబెట్టుకుని, రెండు బస్సులు మారి గొల్లపల్లి వెళ్ళి, ఆమె పుట్టింటి నుంచి విత్తనం తెచ్చింది. నన్ను రమ్మనలేదు. నేను ధాబాకు వెళ్ళాను. అక్కడ పిల్లులు చాలానే ఉన్నాయి, ఆమెది లేదు.

ఇప్పుడు పిట్టలు పొడిచిన పండ్లన్నీ పచ్చడికి వెళ్తున్నాయి. సాయంత్రాలు వాళ్ళిద్దరూ కంచె దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు; నేను వెళ్తే నవ్వుతారు, కానీ మాట మారుస్తారు. ఈ మూడేళ్ళలో నాకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి, కళ్ళద్దాలు మారాయి. సిగ్గుకు మాత్రం వయసు మీద పడలేదు.