ఆకు మీద తెల్ల చుక్కలు

కెమెరా ఫ్లాష్ మీట నొక్కగానే లోపలినుంచి దోమ కూతంత సన్నని చప్పుడు మొదలవుతుంది. వెలుగు సిద్ధమయ్యేదాకా ఆగదు. ఈ ఉదయం మందార మొగ్గను దగ్గరగా తీద్దామని కూర్చున్నానో లేదో, ఆ కూతకు వెంకటరమణప్ప సార్ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

తొంభైల్లో మదనపల్లెలో పట్టు రైతులకు సలహాలిచ్చే చిన్న ఆఫీసులో ఆయన నా పైఅధికారి. మల్బరీ ఆకు తెగుళ్ళను ఫొటోలు తీసి, ఊరూరా తెర కట్టి చూపించేవారు. ఆయన్ను ఎవరూ చెయ్యమనలేదు. అదొక పిచ్చి, అంతే. ఆకును తెంపనిచ్చేవారు కాదు. నేల మీద బోర్లా పడుకుని, కొమ్మ మీదున్నదాన్నే తీసేవారు. "తెంపితే ముడుసుకుంటాదమ్మా, ఇంగ దాని మొగం యాడ సూస్తావు?" అనేవారు. చొక్కానిండా మట్టితో లేచిన ఆఫీసరును చూసి ఊరి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

ఒకసారి కుప్పం దగ్గర మునెమ్మ అనే పట్టు రైతు తోటలో, పొద్దున్నే, ఆకు అడుగుభాగాన్ని ఎదురుగా ఫ్లాష్ వేసి తీశారు. మదనపల్లెకొచ్చి రీలు కడిగిస్తే ఫొటోనిండా సన్నని తెల్ల చుక్కలు. ఆకుకు తెల్లపొడి పట్టే బూడిద తెగులు మొదలైందనుకున్నారు. కంటికి ఆనకముందే కెమెరా పట్టేసిందని సంబరపడ్డారు కూడా. వెంటనే బస్సెక్కి వెళ్ళి, ఆ ఆకు పట్టుపురుగులకు మేత వేయొద్దని చెప్పి వచ్చారు. గూళ్ళు కట్టే ముందు పట్టుపురుగులు ఆబగా తినే రోజులవి. మునెమ్మ వేరే ఆకు కోసం ఊరంతా తిరిగింది. దొరికింది చాలలేదు. పురుగులు చాలావరకు చచ్చిపోయాయి.

ఆ తర్వాత పుంగనూరు పక్కన ఒక తోటలో, పొద్దున్నే, ఒక ఆకును అలాగే ఎదురు వెలుగులో తీశాక సార్ ఎందుకో పక్క ఆకును వేలితో తుడిచారు. తడి. వెంటనే ఫ్లాష్‌ను కెమెరానుంచి విడదీసి, తీగ పొడవునా పక్కకు జరిపి, ముందు తెల్లగుడ్డ అడ్డం పెట్టి అదే ఆకును మళ్ళీ తీశారు. కడిగిస్తే మొదటి ఫొటోలో అవే చుక్కలు, రెండోదాంట్లో శుభ్రమైన ఆకు. మునెమ్మ తోటకు తెగులే లేదు. ఎదురు వెలుగుకు మంచు మెరిసింది.

సార్ కుప్పం బయలుదేరారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు చెప్తే సచ్చిన పురుగులు తిరిగొస్తాయా సార్?"

"రావమ్మా. చెప్పకుంటే తెగులనుకోని మునెమ్మ తోట పీకేస్తాది. ఆకు మంచిదని ఆమెకు తెలియాల."

మేం వెళ్ళేసరికి మునెమ్మ చేతిలో పార ఉంది. ఒక సాలు అప్పటికే తవ్వేసింది. సార్ రెండు ఫొటోలూ ఆమె చేతికిచ్చారు.

"తెగులు లేదమ్మా. అది మంచు. తప్పు నాది."

ఆమె రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఆకు లేకుంటే పురుగులు తలలెత్తి ఎతుక్కుంటాయప్పా," అంది. "నువ్వు సూడలేదు. నేను సూసినా."

ఆమె ఫొటోలు తిరిగిచ్చి, పార గట్టు మీద పెట్టింది. కూర్చోమని మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఆకును వేలితో తుడిచి చూడకుండా సార్ ఏ రైతుకూ ఏ మాటా చెప్పలేదు. ఇప్పుడాయన లేరు. మందార మొగ్గను తుడిచి చూశాను, వేలికి తడి అంటింది. ఫ్లాష్‌కు తెల్లగుడ్డ అడ్డం పెట్టాను. తలలెత్తి వెతుక్కునే పురుగులను నేనూ చూడలేదు. అయినా ఏదైనా తేల్చి చెప్పబోయిన ప్రతిసారీ, ముందు అవే కనబడతాయి.