గెడ్డ ఒడ్డున ముళ్లపండు

ఈ ఉదయం మనవరాలు ఫోనులో పంపిన ఫోటోలో, కాలి నల్లబడిన ముళ్లపొద మొదట్లోంచి ఎర్రటి చిగుళ్లు తొంగిచూస్తుంటే నాకు ప్రాణం లేచివచ్చింది. చోడవరంలో మా వీధి అరుగు మీద కూర్చుని ఎండాకాలమంతా దాని గురించే బెంగపెట్టుకున్నాను మరి.

మాడుగుల కొండ కింద మా పుట్టింటి చెరుకు పొలాన్ని ఆనుకుని పారే గెడ్డ ఒడ్డున ఉంటుంది ఆ పొద. మేం ముళ్లపండు అనేవాళ్లం. మొక్కల చదువు చదివి, అరుదైనవి ఎక్కడ మిగిలాయో వెతికే ఉద్యోగంలో చేరిన మా మనవరాలు, ఇటువైపు కొండల్లో వాళ్లకి దొరికింది అదొక్కటేననీ, అంతరించిపోతున్న వాటిలో చేర్చి కాపాడాలనీ మురిసిపోతూ చెప్పింది. ఆ మాట విన్న మా తమ్ముడు, ఇంకా బాగా పెంచుదామని, చెరుకు కొట్టించిన రోజే దాన్నీ మొదలంటా నరికించి, పైన చెరుకాకు కప్పి తగలబెట్టించేశాడు. "కార్శి తోటలాగ మళ్లీ దుబ్బుకట్టి వస్తాదనుకున్నానప్పా" అన్నాడు అక్కనైన నాతో. చెరుకు కొట్టేసి ఆకు తగలబెట్టాక, ఆ మోళ్ల నుంచే మళ్లీ లేచే పంటని మావైపు కార్శి అంటారు. చెరుకు పండించేవాడికి ఏ మొక్కైనా చెరుకులాగే కనిపిస్తుంది కాబోలు. వేసవి ముదిరినా చిగురు లేదు. ఆ పిల్ల ఫోనులో ఏడుపే ఏడుపు.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. తండ్రికి తగ్గ కొడుకు మా తమ్ముడు. నా చిన్నతనంలో నాన్న కూడా ఈ పొదకి ఇదే నిర్వాకం చేశాడు. ఆ వేసవి ఒక్క పండు లేక, మేం పిల్లలమంతా అలిగి ఆయనతో మాట్లాడటం మానేశాం. వానలు పడ్డాక చిగుళ్లొచ్చాయి, మరుసటి వేసవికి గౌన్లకు మరకలయ్యేలా తిని అమ్మ చేత చీవాట్లు తిన్నాం. ఈ సంగతి చెబితే మనవరాలు నమ్మీ నమ్మనట్టు ఊకొట్టి, వానల కోసం కాచుకుని కూర్చుంది. ఇన్నాళ్లకి గెడ్డ పారింది, పొద చిగిర్చింది. తమ్ముడు కూడా ఇవాళే కడుపునిండా అన్నం తిన్నాడట.

అరుదైన పండని ఎరగక ఆనాడు దోసిళ్లకొద్దీ తిన్నాం. ఇప్పుడు దాని చుట్టూ కంచె వేయిస్తున్నారు, మంచిదే. వచ్చే వేసవికి కాసే పళ్లన్నీ పక్షులకే వదిలేయాలని మనవరాలి ఆజ్ఞ. అవి తింటేనే గింజలు కొండంతా పడతాయట. నాకొక్కటి ఇవ్వవే అని అడిగాను.

ఆలోచించి చెబుతానంది.