ఏడు కిలోలకు చప్పట్లు

తెనాలిలో నేను జాకెట్లు కుడతాను. నలభై ఎనిమిదో ఏట షుగరు బయటపడింది. ఆ వెనకే మోకాళ్లు పట్టేశాయి. పెడలు తొక్కలేక మిషనుకి మోటారు పెట్టించుకున్నాను.

"ఓ పది కిలోలు తగ్గితే మోకాళ్లకీ మంచిది, షుగరుకీ మంచిదమ్మా," అంది డాక్టరమ్మ.

అన్నం బదులు తాగే పొడులు వస్తున్నాయి కదా, అవి తాగొచ్చా అని అడిగాను.

"ఒక్క పూటకైతే తాగొచ్చు. కానీ అన్నీ షుగరు వాళ్లకి పనికిరావు, కొన్నిట్లో పంచదారే ఎక్కువ. కొనేముందు డబ్బా ఫొటో నాకు చూపించండి. మాత్రలు మాత్రం నన్నడక్కుండా మానొద్దు, తగ్గించొద్దు."

ఇంతకంటే తేటగా ఎవరైనా ఏం చెబుతారు? అయినా నేను వినలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

మందుల షాపులో మూడు రకాల డబ్బాలు చూపించారు. సూదిలో దారం ఎక్కించే కళ్లద్దాలతో కూడా వాటి మీది అక్షరాలు నాకు అందలేదు. ఏది తీసుకోవాలో తెలీక ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. ఆ సాయంత్రమే రేపల్లె నుంచి మా వదిన ఫోన్ చేసింది. మా అన్నయ్య భార్య. ఏడాదిగా వాళ్ల మేడ మీద బరువు తగ్గే క్లబ్బు ఒకటి నడుపుతోంది.

"షాపులో డబ్బాలెందుకు అమ్మాయ్? మనింట్లో ఉండగా! రేపు పొద్దున్నే రైలుబండెక్కి వచ్చెయ్."

వెళ్లాను. ఆ గదిలో అడుగు పెట్టగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొత్త ప్లాస్టిక్ బొమ్మకి వెనీలా పూసినట్టు ఒకటే వాసన. గోడల నిండా లావుగా ఉన్నప్పటివి, సన్నబడ్డాక తీసినవి ఫొటోలు. మిక్సీ జారు మూత రబ్బరు చుట్టూ నిన్నటి పొడి అట్టకట్టి ఉంది. తాగిన గ్లాసులన్నీ ఒకే బకెట్ నీళ్లలో ముంచి మళ్లీ నింపుతోంది వదిన. నా చేతికొచ్చిన గ్లాసు అంచుకి ఎవరిదో లిప్‌స్టిక్. కొంగుతో తుడుచుకుని తాగాను. నాలుక మీద సుద్ద పూసినట్టైంది.

"దీంట్లో పంచదార ఎంతుంది వదినా?"

"అంతా సహజమే అమ్మాయ్. పొద్దునో గ్లాసు, సాయంత్రమో గ్లాసు. ఇది తాగేవాళ్లకి మాత్రలెందుకు? ఆ మందులే మనిషిని ఊదేసేది. మానేసి చూడు, నువ్వే చెబుతావు."

వదిన ఇచ్చిన డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను, డాక్టరమ్మకి ఫొటో మాత్రం పంపలేదు. మాత్రలు డ్రాయర్లో పడేశాను. మందులక్కర్లేదన్న మాట ఎవరో ఒకరు అంటే వినాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను మరి.

ఆరు వారాల్లో ఏడు కిలోలు తగ్గాను. క్లబ్బులో కాటా మీద నిలబెట్టి అందరూ చప్పట్లు కొట్టారు. నా పాత జాకెట్టు ఒకటి వదులుగా పట్టుకుని నవ్వమని వదిన ఫొటో తీసింది. కింద 'మందులు మానేసిన తెనాలి టైలరక్క' అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. నవ్వాను. పళ్లన్నీ కనబడేలా నవ్వాను.

ఒళ్లు మాత్రం వేరే సంగతి చెబుతోంది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. బాత్రూంలో నేను కూర్చుని లేచిన చోటల్లా చీమలు. ఎన్నిసార్లు కడిగినా అరగంటలో నల్లగా బారులు కట్టేవి. నా జాకెట్లు బిగించుకుందామని టేపు పట్టుకున్న రోజున అసలు సంగతి తెలిసింది. పొట్ట కొలత దాదాపు అంతే ఉంది. తగ్గింది భుజాలూ చేతులూ. కండ కరిగిపోతే జాకెట్టు ఎక్కడ వదులవుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

డాక్టరమ్మ దగ్గర వేలు పొడిచి చూస్తే నాలుగొందలు దాటింది.

"పొడికి తగ్గలేదమ్మా మీరు. షుగరు మీ ఒళ్లు తినేస్తోంది," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ మాత్రలు మొదలెట్టాను. వదినకి ఫోన్ చేసి ఆ ఫొటో తీసేయమన్నాను. "అలాగేలే," అంది.

రెండు వారాల తర్వాత షాపుకి ఒకామె వచ్చింది. బాపట్లలో చిన్నపిల్లల బడిలో టీచరట. సంచిలోంచి నాలుగు జాకెట్లు తీసింది.

"మీరేనా అక్కా ఆ ఫొటోలో ఉంది? నేనూ ఆ పొడి తాగే తగ్గానండి. వీటిని బిగించాలి. మీ చేత్తోనే చేయించుకుందామని వచ్చాను."

ఫోన్ చూపించింది. నా నవ్వు. నా పళ్లు. తీసేయలేదన్నమాట.

"నువ్వేం మందులు వాడేదానివమ్మా?" అడిగాను.

"ఇన్సులిన్ అక్కా. మిమ్మల్ని చూశాకే ధైర్యమొచ్చింది. మానేసి నాలుగు రోజులైంది."

ఆమె పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. రొప్పుతోంది. కొలత తీసుకోడానికి దగ్గరికెళితే నోట్లోంచి మురగబోతున్న పండు వాసన కొట్టింది. టేపు వదిలేసి ఆటో పిలిచాను.

"ఫొటో అబద్ధమమ్మా. నేను చావబోయాను. పద," అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. ఆటోలో రెండుసార్లు కక్కుకుంది, నా చీర మీద కూడా. ఆ కక్కులో అదే వెనీలా వాసన.

డాక్టరమ్మ చూసీ చూడగానే పెద్దాసుపత్రికి పంపింది. ఐదు రోజులుంచి ఇంటికి పంపారు. బతికింది.

ఆమె ఇంటికెళ్లిన మర్నాడు రేపల్లె వెళ్లాను. క్లబ్బులో పదిమంది దాకా గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల ముందే వదినకి జరిగిందంతా చెప్పాను.

"ఆవిడ ఒంట్లో ఇంకేదో ఉండుంటుంది అమ్మాయ్. నీ ఫొటో చూసి ఎంతమంది చేరారో తెలుసా?" అంది వదిన. గ్లాసులు ముంచడం ఆపలేదు.

గోడ మీదున్న నా ఫొటో నేనే పీకేశాను. రంగు కూడా పెచ్చులూడి వచ్చింది. ఆ గదిలో ఇద్దరే గ్లాసులు కింద పెట్టారు. మిగతావాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ తాగేశారు. బండిలో వెనక్కొస్తూ జరిగిందంతా నా గొంతుతో చెప్పి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బండి వేమూరు దాటకముందే నన్ను అందులోంచి తీసేశారు. ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసి, "మా పరువు తీశావు," అన్నాడు. అంతే, అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు.

ఇప్పుడు డాక్టరమ్మ చూసి ఒప్పుకున్న డబ్బా ఒకటి వాడుతున్నాను, రాత్రి పూట మాత్రమే. దానికి తగ్గట్టు మాత్రలు ఆమే మార్చింది. నాలుగు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రుచి మాత్రం అంతే అసహ్యం. ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగేస్తాను.

బాపట్ల టీచరు జాకెట్లు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాయి. వాళ్లమ్మ చేత పంపిస్తుంది. కొలతలు కాగితం మీద రాసి పెడుతుంది. తను మాత్రం రాదు. నా మొహం చూడలేకేమో. ఆమెననడానికి నాకు నోరు లేదు.