మూడో కోరిక నెరవేరిన సంవత్సరం

కొత్త సంవత్సరానికి ఏదో ఒకటి అనుకుని కాగితం మీద రాసుకునే అలవాటు మీకుంటే, ఇది చదివే ముందు ఆ కాగితం ఎక్కడైనా దాచిపెట్టండి. చదివాక చింపెయ్యాలనిపిస్తుంది. నేను 2013 జనవరి ఒకటిన మూడు కోరికలు రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నాను. అందులో ఒక్కటంటే ఒక్కటే నెరవేరింది. అది మిగతా రెండింటినీ మింగేసింది. ఎలాగో చెప్తాను, కాకపోతే కాస్త మెల్లగా నవ్వండి. మా ఆవిడ పక్క గదిలోనే ఉంది. ఆవిడ దృష్టిలో ఇది ఇప్పటికీ నవ్వే సంగతి కాదు.

అప్పుడు నేను గ్లాస్గోలో ఒక ఆసుపత్రిలో డాక్టర్ని. డాక్టరనగానే పెద్దగా ఊహించుకోకండి. ఆర్నెల్లకోసారి కాంట్రాక్టు పొడిగిస్తే బతికే రకం. ఇక్కడ ట్రైనింగ్ పోస్టు అని ఒకటుంటుంది. అది దొరికినవాడికి కొన్నేళ్ళ పాటు ఢోకా లేదు, ఆ తర్వాత స్పెషలిస్టు అయిపోవచ్చు. దొరకనివాడు రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, ఖాళీలు పూడ్చడానికి పనికొస్తాడు. నేను మూడేళ్ళుగా పూడుస్తున్నాను.

మా ఆవిడ పద్మజ నెల్లూరులో కాలేజీ లెక్చరరు. పాప చిన్నికి అప్పటికి రెండేళ్ళు. "ఆర్నెల్ల ఉద్యోగాన్ని నమ్ముకుని నా పర్మనెంటు ఉద్యోగం వదిలి రాను. ఆ పోస్టు తెచ్చుకోండి, ఆ వారమే విమానం ఎక్కుతాం" అని పద్మజ ఖరాఖండిగా చెప్పేసింది. ఆ మాటలో తప్పు వెతుకుదామని చాలా ప్రయత్నించాను గాని దొరకలేదు. చిన్నికి నాన్నంటే లాప్‌టాప్. మూత వేస్తే నాన్న బజ్జున్నాడని అందరికీ చెప్పేదట.

కాబట్టి ఫ్రిజ్ మీద మొదటి కోరిక, ట్రైనింగ్ పోస్టు. రెండోది, వేసవికల్లా పద్మజ, చిన్ని గ్లాస్గో రావడం. మూడోది, ఎవరేం అడిగినా తల ఊపడం మానేసి, కాదు అనడం నేర్చుకోవడం.

మూడోది ఎందుకంటే, మా ఆసుపత్రిలో రోటా చూసే మోయిరా అనే ఆవిడ వల్ల. బంగారంలాంటి మనిషి, అందుకే ప్రమాదం. ఎవరైనా సెలవు పెడితే ఆవిడకి మొదట గుర్తొచ్చే పేరు నాదే. ఫోను చేసి, ఆ డాక్టరుకి ఒంట్లో బాగాలేదనీ, వాళ్ళావిడకి నెలలు నిండాయనీ, వాళ్ళ కుక్కకి ఆపరేషననీ మొత్తం కథ చెప్పేది. నాకు కుక్క దగ్గరికొచ్చేసరికి గుండె కరిగిపోయేది. సరే చేస్తానంటే "డాక్టర్ రావ్, యు ఆర్ ఎ స్టార్" అనేది. క్రిస్మస్ నీ పండగ కాదు కదా అని క్రిస్మస్‌కి నన్నే వేసేవారు. దీపావళి ఎప్పుడో ఎవరికీ తెలియదు కాబట్టి దీపావళికీ నన్నే వేసేవారు. ఆ కాగితం రాయడానికి ముందు, డిసెంబరు ఇరవై నాలుగు నుంచి ముప్పై ఒకటి దాకా వార్డులోనే ఉన్నాను. పద్మజ ఫోనులో ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా ఆవిడ తిట్టే పద్ధతుల్లో అన్నిటికంటే ఘోరమైనది.

ఇక్కడ మా ఫ్లాట్‌మేటు సీనన్న గురించి చెప్పాలి. కరీంనగర్ మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, పెళ్ళి కాలేదు, అదే ఆసుపత్రిలో అదే ఆర్నెల్ల బతుకు. ఇద్దరం కలిసి ట్రైనింగ్ పోస్టుకి దరఖాస్తు పెట్టాం. ఇద్దరికీ డిసెంబర్లో ఒకే ఉత్తరం వచ్చింది. ఇంటర్వ్యూకి పిలవడం లేదు, రిజర్వు జాబితాలో ఉన్నారు, ఎవరైనా మానుకుంటే వరస ప్రకారం ఫోను చేస్తామని. ఆ వరసలో ఎవరు ముందో రాయలేదు. బంగారంలాంటి ఇంటర్వ్యూ ఎవడు మానుకుంటాడని ఇద్దరం ఒకరినొకరు ఓదార్చుకుని ఆ ఉత్తరం సంగతి మర్చిపోయాం.

ఫ్రిజ్ మీద నా మూడో కోరిక చదివి సీనన్న గురువు అవతారం ఎత్తాడు.

"తమ్మీ, నీ తప్పేందో తెల్సా? నువ్వు ఎదుటోళ్ళ ముచ్చట మొత్తం ఇంటవు. ఇన్నవంటే కరుగుతవు. నడుమలనే కొయ్యాలె. వాళ్ళు అడుగుడు పూర్తి గాకముందే నువ్వు వద్దను."

ఆదివారం సాయంత్రం వంటింట్లో శిక్షణ మొదలైంది. సీనన్న పప్పుగరిటె చెవి దగ్గర పెట్టుకుని మోయిరా గొంతుతో కుక్క కథ మొదలెట్టేవాడు. నేను మధ్యలో కొయ్యాలి. మొదట్లో కుక్క బతికిందా లేదా అని అడిగేవాణ్ణి. తిట్టేవాడు. ఇరవయ్యోసారికి దారిలో పడ్డాను. నలభయ్యోసారికి "సారీ, ఐ కాంట్" అనే మాట దగ్గొచ్చినట్టు దానంతటదే రావడం మొదలుపెట్టింది. చివర్లో ఒక తాలింపు కూడా నేర్పాడు. మరీ బలవంతం చేస్తే "ఐ హావ్ ఎ లైఫ్" అనాలట. ఆ మాట పలికేటప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది పచ్చి అబద్ధం. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఆ పూట మాడు పప్పే తిన్నాం.

రెండు రోజుల తర్వాత మంగళవారం, నాకు ఎన్నాళ్ళకో దొరికిన సెలవు. గురువారం కూడా సెలవే. మధ్యాహ్నం బంగాళాదుంపలు వేపుతుంటే ఫోను మోగింది. నంబరు కనబడలేదు. ఆసుపత్రి నుంచి వచ్చే కాల్స్ అలాగే వస్తాయి. పొయ్యి తగ్గించి, ఊపిరి పీల్చుకుని ఎత్తాను.

మోయిరా కాదు, ఎవరో కొత్త గొంతు, ఎంతో మర్యాదగా ఉంది. డాక్టర్ రావ్ గారేనా, ఇంత తక్కువ వ్యవధిలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, గురువారం నాడు ఒకరు మానుకున్నారు, అందుకని... అంటోంది. ఓహో, ఈసారి మోయిరాకి బదులు కొత్తమ్మాయిని ప్రయోగించారన్నమాట అనుకున్నాను. నడుమలనే కోశాను.

"సారీ, ఐ కాంట్."

ఆ అమ్మాయి, డాక్టర్, నేను ఇంకా చెప్పలేదు, అసలు సంగతేమిటంటే... అని మొదలుపెట్టింది. కుక్క కథ వచ్చేస్తోందని నాకు చెమటలు పట్టాయి.

"సారీ. గురువారం కుదరదు. ఐ హావ్ ఎ లైఫ్."

"మీరు బాగా ఆలోచించుకునే అంటున్నారా, డాక్టర్? అయితే నేను జాబితాలో తర్వాతివారిని అడగాల్సి వస్తుంది."

"తప్పకుండా తర్వాతివారినే అడగండి. హాపీ న్యూ ఇయర్" అన్నాను. ఎంత హుందాగా అన్నానో మీరు విని ఉండాల్సింది. ఫోను పెట్టేసి, గరిటె పట్టుకుని వంటింట్లో రెండు అడుగులు డాన్సు కూడా వేశాను. ముప్పై ఒక్కేళ్ళ జీవితంలో ఒకరిని కాదనడం అదే మొదలు.

వెంటనే పద్మజకి ఫోను చేసి, ఇవాళ హాస్పిటల్ వాళ్ళతో కాదు అనేశానని గొప్పగా చెప్పాను. "పోన్లెండి. ఇన్నాళ్ళూ ఆ మాట మాకొక్కళ్ళకే చెప్పేవారు" అంది. నాకు చురుక్కుమంది గాని, ఆ రోజు నా ఉత్సాహం ముందు అదొక లెక్కలోకి రాలేదు.

ఉత్సాహం సరిగ్గా గంట ఉంది. తర్వాత లోపల పీకడం మొదలైంది. పాపం ఆ మానుకున్న డాక్టరుకి ఏమైందో, వార్డులో ఎంతమంది ఇబ్బంది పడతారో అని. సరిగ్గా అప్పుడు సీనన్న ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. గొంతు అదోలా ఉంది.

"తమ్మీ, బేస్తవారం నా డ్యూటీ నువ్వు జేస్తవా? ఎడిన్‌బర్గ్ల ఒక పనివడ్డది. ఏందని అడగకు. అయ్యేదాంక చెప్పొద్దంటరు గదా, అయినంక చెప్త."

అయ్యేదాకా చెప్పకూడని పని అంటే మనవాళ్ళలో ఏముంటుంది? పెళ్ళిచూపులు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇన్నాళ్ళకి ఎడిన్‌బర్గ్‌లో ఎవరో అమ్మాయి కుదిరిందన్నమాట. నాకు కళ్ళు చెమర్చాయి. గురువుకి కాదనే పాఠం వర్తించదు కాబట్టి, చేస్తానన్నాను. ఇంకొక్క మాట అడిగాడు. నీ నీలం కోటు ఒక్కరోజు ఇస్తావా అని. అది మా మామగారు నా ఇంటర్వ్యూ కోసమని నెల్లూరులో దగ్గరుండి కుట్టించిన కోటు. ఇంటర్వ్యూ ఎలాగూ లేదు, కనీసం పెళ్ళిచూపులకైనా పనికొస్తుందని బుధవారం కూర్చుని నా చేతులతో ఇస్త్రీ చేసి ఇచ్చాను. భుజాల దగ్గర కాస్త వదులైంది గాని బాగానే ఉన్నాడు. గురువారం పొద్దున్న బస్సెక్కేముందు వంగి నా చెయ్యి పట్టుకుని, నీ మేలు మర్చిపోను తమ్మీ అన్నాడు.

నేను వార్డుకెళ్ళాను. పదకొండింటికి మోయిరా ఎదురైంది. ఒళ్ళంతా ఎండకి కమిలి ఎర్రగా ఉంది. మంగళవారం మీ ఆఫీసు కొత్తమ్మాయితో కాస్త కటువుగా మాట్లాడాను, ఏమీ అనుకోవద్దన్నాను. ఆవిడ అయోమయంగా చూసింది. పది రోజులుగా స్పెయిన్‌లో ఉందట, నిన్న రాత్రే వచ్చిందట. ఆవిడ కింద అమ్మాయెవరూ లేదట. ఈ గురువారం రోటాలో అసలు ఖాళీయే లేదట.

నా కాళ్ళు వాటంతటవే కంప్యూటరు దగ్గరికి నడిచాయి. ఆసుపత్రి మెయిలు ఆసుపత్రిలోనే తెరుచుకుంటుంది, సెలవు రోజుల్లో చూసేవాణ్ణి కాదు. మంగళవారం మధ్యాహ్నం వచ్చిన ఉత్తరం అక్కడ ఉంది. ఫోనులో మాట్లాడుకున్న ప్రకారం, గురువారం ఎడిన్‌బర్గ్‌లో జరిగే ట్రైనింగ్ పోస్టు ఇంటర్వ్యూని మీరు వద్దనుకున్నట్టు నమోదు చేసుకున్నాం, మీ భవిష్యత్తుకి శుభాకాంక్షలు అని.

ఎడిన్‌బర్గ్ అనే మాట నేను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. నా కోటు అక్కడే ఉంది.

ఫోను చేశాను. ఆ మర్యాద గొంతే ఎత్తింది. బాధపడింది కూడా. ఆ స్థానంలో తర్వాతి డాక్టరుగారు ఇప్పుడే లోపలికి వెళ్ళారంది. ఈసారి ఆవిడ చెప్పిందంతా చివరిదాకా విన్నాను. తర్వాత సీనన్న పేషెంట్లని చూశాను, సీనన్న రాయాల్సిన నోట్సు రాశాను, సీనన్న తియ్యాల్సిన రక్తాలు తీశాను. నా ఇంటర్వ్యూ అక్కడ సవ్యంగా జరగడానికి ఇక్కడ నేను ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం ఫ్లాటుకి సీనన్న ఒక బిస్కెట్ల డబ్బాతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇంటర్వ్యూ తమ్మీ. దిష్టి తగుల్తదని నీక్కూడ చెప్పలే, తప్పు వట్టకు. నాకంటె ముందు జాబితల ఎవడో పిచ్చోడున్నడంట, వద్దన్నడంట. నాకు ఫోన్ జేసినామెనే నవ్వుకుంట చెప్పింది. ఏమన్నడంట తెల్సా?"

అంటూ ఆగాడు. నోట్లో బిస్కెట్టు కూడా ఆగింది. వంటింట్లో తాను పప్పుగరిటె పట్టుకుని నేర్పిన మాట తనకే గుర్తొచ్చింది కాబోలు, మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. ఇద్దరం ఫ్రిజ్ వైపు చూశాం.

"తమ్మీ..." అన్నాడు.

"బాగా జరిగిందా అన్నా?" అని అడిగాను. ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన చేసిన తప్పేమీ లేదు. నా మీద తెచ్చుకుందామంటే వంద శాతం చెప్పింది చెప్పినట్టు చేసిన శిష్యుణ్ణి. ఆయన మర్నాడే వాళ్ళకి ఫోను చేసి, ఆ పిచ్చోడు నా తమ్ముడు, మళ్ళీ పిలవండి అని బతిమాలాడట. కుదరదన్నారు. వారం తిరక్కుండా ఆయనకి పోస్టు వచ్చింది.

ఆ వేసవికి పద్మజ రాలేదు. మరుసటేడు నాకు నిజంగానే పిలుపొచ్చింది, అదే కోటు వేసుకెళ్ళాను, పోస్టు రాలేదు. ఆ పై ఏడు వేరే కోటు వేసుకెళ్తే వచ్చింది. పద్మజ అన్న మాట ప్రకారం ఆ వారమే విమానం ఎక్కింది. గ్లాస్గో ఎయిర్‌పోర్టులో నాలుగున్నరేళ్ళ చిన్ని నన్ను కిందనుంచి పైదాకా చూసి, వాళ్ళమ్మ చాటుకి వెళ్ళి, "హలో అంకుల్" అంది. లాప్‌టాప్‌కి కాళ్ళుంటాయని దానికెవరూ చెప్పలేదు. నేనూ హలో అన్నాను.

కాబట్టి ఈ పత్రికాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు నంబరు కనబడని ఫోను ఏది మోగినా ఎత్తుతాను, అవతలివాళ్ళు చెప్పేది ఆఖరి ముక్క దాకా వింటాను, వాళ్ళ కుక్క క్షేమం కనుక్కుంటాను. ఈ దేశంలో కిటికీ అద్దాలు అమ్మేవాళ్ళు కూడా నంబరు కనబడకుండానే ఫోను చేస్తారు, ఈ ప్రమాణం పుణ్యమా అని మా ఇంటివి ఇప్పటికే రెండుసార్లు మార్పించాను. ఎవరు డ్యూటీ చెయ్యమన్నా చేస్తాను. కోటు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వను. అది నేను వేసుకెళ్తే రాని పోస్టుని, నేను లేకుండా వెళ్ళి తెచ్చుకున్న కోటు.